క్రియ వచ్చేదాకా వినాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 ముందు వరసలో కూర్చున్న మన తెలుగు మాస్టారికి విడిగా నమస్కారం. ఎందుకో ఈ ప్రసంగం అయ్యేలోపు తెలుస్తుంది. 

కార్యదర్శి గారు ఫోన్ చేసి “విదేశంలో నీ అనుభవాలు చెప్పమ్మా” అన్నారు. అక్కడి చలి, సైకిళ్లు, గాలిమరల గురించి మీరు చాలామంది దగ్గర వినే ఉంటారు. అందుకని నేను నెదర్లాండ్స్‌లో మాట్లాడే డచ్ భాష గురించి, అందులోనూ వాక్యంలో క్రియ ఎక్కడ కూర్చుంటుందనే ఒక్క సంగతి గురించి చెబుతాను. వెనక వరసలో నవ్వులు వినిపిస్తున్నాయి. వ్యాకరణం పీరియడ్‌లో కూడా ఆ వరసే నవ్వేది.

డచ్‌వాళ్లు మనకు కొత్తేమీ కాదు. బందరులో వలందపాలెం తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు. వలందులంటే హాలండు వాళ్లు. 1606లో వాళ్లు బందరులో వర్తకస్థానం పెట్టారు. 1824లో ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకుని మన దేశంలో తమకున్న స్థావరాలన్నీ వదిలేశారు. రెండు వందల ఏళ్లకు పైగా మన దగ్గర అద్దకం బట్టలు కొన్నవాళ్ల భాష ఎలా ఉంటుందో తెలుసుకోవాలని చిన్నప్పుడు నాకెప్పుడూ తోచలేదు. వలందపాలెం మీదుగా బస్సులో వెళ్లడమే తప్ప ఆ పేరేమిటని కూడా అడగలేదు.

పదో తరగతి తర్వాత ఇంటరు, ఆ తర్వాత జి.ఎన్.ఎం. నర్సింగ్ చేశాను. 2003లో మావారి ఉద్యోగం మీద అక్కడికి వెళ్లాం. 2005లో అమ్మాయి పుట్టింది. నా నర్సింగు చదువును అక్కడ లెక్కలోకి తీసుకోవాలంటే ముందు వాళ్ల భాష వచ్చని రుజువు చేయాలి. అందాకా ఖాళీగా ఉండలేక 2009లో ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో సహాయకురాలిగా చేరాను. దాని పేరు వద్దులెండి, తప్పు వాళ్లది కాదు.

సాయంత్రం షిఫ్టు. పగలు పనిచేసినావిడ కోటు వేసుకుంటూ, బస్సుకు వేళైందని గబగబా ఒక్కొక్క గది సంగతీ అప్పజెప్పి వెళ్తోంది. పన్నెండో గదిలో పెద్దావిడ గురించి ఆమె అన్న మాట ఇది: “ఇక్ ఖలోఫ్ దత్ మెవ్రౌ హార్ తబ్లెట్టన్ ఫోర్ వనాఫొంత్ అల్ హేఫ్త్ ఖహత్.” దీన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పేరిస్తే: నేను నమ్ముతున్నాను, ఏమని అంటే, అమ్మగారు తన మాత్రలు ఈ రాత్రివి అప్పుడే వేసుకున్నారు.

నేను విన్నది “అమ్మగారు, మాత్రలు, ఈ రాత్రివి” అన్నంతవరకే. అక్కడితో నా బుర్ర వాక్యాన్ని పూర్తి చేసేసుకుంది. ఇవ్వాలి కాబోలు అనుకున్నాను. “నొఖ్ మూత్ హెబ్బన్” అని ఉంటే ఇంకా వేసుకోవాలనే అర్థం. ఆమె అన్నది “అల్ హేఫ్త్ ఖహత్”. తేడా అంతా ఆ చివరి మూడు మాటల్లోనే ఉంది. అవి వచ్చేసరికి నేను పక్క గది సంగతి ఆలోచిస్తున్నాను. సంతకాల కాగితంలో ఆ గడి ఖాళీగానే ఉంది, ఆవిడ ఇంకా గీయలేదు. నేను పొట్లం చింపి, నీళ్ల గ్లాసు పట్టుకుని పన్నెండో గదికి వెళ్లాను.

ఆ పెద్దావిడకు తొంభై దాటాయి. కళ్లు సరిగా కనబడవు కానీ లెక్క మాత్రం తప్పదు. నా చేతిలో మాత్రలు తడిమి చూసి, “దీ హెప్ ఇక్ అల్ ఖహత్, కింత్” అంది. ఇవి నేను అప్పుడే వేసుకున్నానమ్మా అని. ‘కింత్’ అంటే బిడ్డ. అవి రక్తం పలచబడే మాత్రలు. నర్సింగ్ చదివినదాన్ని కనుక, రెండోసారి వేసుంటే ఏమయ్యేదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గ్లాసు బల్ల మీద పెట్టి అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను.

నేనే వెళ్లి పైవాళ్లకు చెప్పాను. వాళ్లు కేకలు వేయలేదు. రాసుకున్నారు. “నీకు భాష వచ్చేదాకా మందుల బండి ముట్టుకోవద్దు” అన్నారు. సబబే. అయినా ఇరవయ్యేళ్ల పిల్ల బండి తోసుకుంటూ వెళ్తుంటే, నర్సింగు చదివిన నేను వెనకాల దుప్పట్లు మడతపెట్టుకుంటూ ఉండటం ఎలా ఉంటుందో ఇక్కడున్న చెల్లెళ్లలో కొందరికి తెలుసు.

ఇప్పుడు వ్యాకరణానికి వస్తాను. డచ్‌లో మామూలు వాక్యం ఇలా ఉంటుంది: “మైన్ మూదర్ ఏత్ ఎల్క దఖ్ రైస్త్.” మా అమ్మ, తింటుంది, ప్రతి రోజూ, అన్నం. క్రియ రెండో స్థానంలో కూర్చుంది. చూడగానే ఇంగ్లీషులాగే ఉందే అనిపిస్తుంది. ఆ అనిపించడంలోనే ఉంది మోసం. ఎందుకంటే ‘ప్రతి రోజూ’ అనే మాటను ముందుకు తెస్తే “ఎల్క దఖ్ ఏత్ మైన్ మూదర్ రైస్త్” అవుతుంది. ప్రతి రోజూ, తింటుంది, మా అమ్మ, అన్నం. మొదట ఏ మాట వచ్చినా సరే, రెండో కుర్చీ మాత్రం క్రియదే. కర్త లేచి క్రియ వెనక్కి వెళ్లి కూర్చోవాలి. ఇంగ్లీషు అలా చేయదు.

మరి ఇదే వాక్యాన్ని ఇంకో వాక్యంలో ఉపవాక్యంగా పెడితే? “ఎందుకంటే” అనే అర్థంలో ‘ఒమ్‌దత్’ అనే మాట చేర్చండి: “ఒమ్‌దత్ మైన్ మూదర్ ఎల్క దఖ్ రైస్త్ ఏత్.” ఆ ‘ఒమ్‌దత్’ మీద వేలు పెట్టి మూసేసి, మిగిలినదాన్ని మాటకు మాట తెలుగులో చెప్పండి. మా అమ్మ ప్రతి రోజూ అన్నం తింటుంది. ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. క్రియ రెండో కుర్చీ వదిలి చివరికి, మనం పెట్టే చోటికే వచ్చేసింది.

ఇది నాకు తెలియడానికి ఆరేళ్లు పట్టింది. ఎందుకంటే నేను డచ్ నేర్చుకున్న తరగతిలో పాఠం ఇంగ్లీషులో చెప్పేవారు. నాతో కూర్చున్నవాళ్లు రకరకాల దేశాలవాళ్లు, అందరికీ ఉమ్మడి భాష ఇంగ్లీషే. “ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్తుంది” అని పంతులమ్మ బోర్డు మీద రాయగానే తరగతి తరగతంతా మూలిగింది. నేనూ వాళ్లతోపాటు మూలిగాను! పుట్టినప్పటినుంచీ క్రియను చివర పెడుతూ మాట్లాడినదాన్ని, అదేదో వింత ఆచారమైనట్టు తల పట్టుకున్నాను. డచ్ మాట వినడం, లోపల ఇంగ్లీషులోకి మార్చుకోవడం, అర్థం చేసుకోవడం, ఇదీ నా పద్ధతి. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే వచ్చేస్తుంది కనుక, నా చెవి కూడా ముందే పని ముగించుకునేది. ఆ రోజు పన్నెండో గది సంగతిలో జరిగిందదే.

అదే ఇంట్లో మా అత్తగారు “పాపకు మధ్యాహ్నం టానిక్కు...” అని ఆగితే, ఇచ్చాననా, ఇవ్వలేదనా, ఇవ్వమనా అని చివరి మాట కోసం నేను ఎదురు చూస్తాను. ఏ తెలుగు మనిషైనా చూస్తాడు. మన అవును, కాదు, చేశాం, చేయలేదు అన్నీ చివరే ఉంటాయి. అంటే ఆగి వినే చెవి నాకు ఉంది. దాన్ని ఇంటి దగ్గర వదిలేసి, అరువు తెచ్చుకున్న చెవితో పనికి వెళ్లేదాన్ని.

ఆ సంఘటన జరిగిన వారంలో ఒక రాత్రి నిద్రపట్టక, ఆవిడ అన్న వాక్యాన్ని కాగితం మీద రాసుకుని, మాస్టారూ, మీరు నేర్పినట్టే గీతలు కొట్టాను. ప్రధాన వాక్యం కింద రెండు గీతలు, ఉపవాక్యం కింద ఒక గీత. తొమ్మిదో తరగతిలో మీరు చెప్పిన సంయుక్త వాక్యం, సంశ్లిష్ట వాక్యం గుర్తొచ్చాయి. డచ్‌లో కారణం చెప్పడానికి రెండు మాటలున్నాయి, ‘వంత్’, ‘ఒమ్‌దత్’. అర్థం ఇంచుమించు ఒకటే. ‘వంత్’ పెడితే సంయుక్త వాక్యం, రెండు ముక్కలూ సమానం, క్రియ రెండో కుర్చీలోనే ఉంటుంది. “వంత్ ఇక్ బెన్ జీక్”, నాకు ఒంట్లో బాగాలేదు గనుక. ‘ఒమ్‌దత్’ పెడితే సంశ్లిష్టం: “ఒమ్‌దత్ ఇక్ జీక్ బెన్.” కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘ఒమ్‌దత్’ జోలికి పోకుండా ఏళ్ల తరబడి ‘వంత్’తోనే కాలక్షేపం చేస్తారు. నేనూ చేశాను. కానీ మనం వాడకుండా తప్పించుకోవచ్చు గానీ, ఎదుటివాళ్లు వాడితే వినకుండా తప్పించుకోలేం కదా.

తర్వాత మిగతావాటికి మన పేర్లు పెట్టుకున్నాను. ‘అల్స్’ అంటే చేదర్థకం, వస్తే, తింటే. ‘తర్వైల్’ శత్రర్థకానికి దగ్గర, వస్తూ, తింటూ. ‘హూవెల్’ అప్యర్థకం, వచ్చినా, తిన్నా. ‘దత్’ అంటే మన ‘అని’. “అల్స్ హెత్ రేఖంత్, బ్లైఫ్ ఇక్ తౌస్”, వాన పడితే ఇంట్లో ఉంటాను. ఇక్కడ ఒక తమాషా ఉంది. ‘వాన పడితే’ అనే ముక్క మొత్తం మొదటి కుర్చీలో కూర్చుంది. కాబట్టి రెండో కుర్చీ మళ్లీ క్రియదే. ఉపవాక్యం చివరి క్రియ ‘రేఖంత్’, ప్రధాన వాక్యం మొదటి క్రియ ‘బ్లైఫ్’ ఒక కామాకు అటూ ఇటూ ముఖాముఖి నిలబడతాయి. ఆ రెండు క్రియల చప్పుడు వినబడితే వాక్యం ఎక్కడ మలుపు తిరిగిందో తెలిసిపోతుంది.

అచ్చంగా తెలుగే అని మాత్రం అనను. మన అసమాపక క్రియకు పురుష భేదం లేదు. నేను వస్తే, నువ్వు వస్తే, వాళ్లు వస్తే, అన్నిటికీ ‘వస్తే’ ఒకటే. డచ్ ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్లినా సమాపకంగానే ఉంటుంది, కర్తను బట్టి మారుతుంది. మన ‘అని’, ‘కాబట్టి’ ఉపవాక్యానికి చివర తగులుతాయి, వాళ్ల ‘దత్’, ‘ఒమ్‌దత్’ మొదట్లోనే వస్తాయి. ఇది వినేవాళ్లకు మేలే. వీధి మొదట్లోనే బోర్డు పెట్టినట్టు, ఇక్కడినుంచి క్రియ చివరే ఉంటుంది సుమా అని ముందే చెప్పేస్తారు. ఆ బోర్డు చూసి కూడా నేను ఆగలేదు.

చివర ఒక్క క్రియ కాక రెండు ఉంటే మరో ముచ్చట. ‘తిని ఉంది’ అనడానికి “ఖఖేతన్ హేఫ్త్” అనవచ్చు, “హేఫ్త్ ఖఖేతన్” అనీ అనవచ్చు. రెండూ ఒప్పే. మొదటిదాన్ని ఆకుపచ్చ వరస అంటారు, రెండోదాన్ని ఎర్ర వరస అంటారు. 1953లో వచ్చిన ఒక మాండలిక పరిశోధనలో, ఏ ఊళ్లో ఎలా అంటారో పటాల మీద ఈ రంగుల్లో చూపించారు. ఆ రంగులే పేర్లుగా మిగిలిపోయాయి. ఆకుపచ్చది మన వరస, తిని ఉంది. పరీక్షలో నేను ఎప్పుడూ ఆకుపచ్చే రాశాను.

మూడు క్రియలు పోగుపడితే మాత్రం తెలుగు కూడా ఆదుకోలేదు. “జాన్ పిల్లలకు ఈదడానికి సాయపడటం నేను చూశాను” అంటాం. ఈదడం, సాయపడటం, చూడటం, లోపలి పని ముందు, బయటి పని చివర. పక్కనున్న జర్మన్ భాషలోనూ ఇదే వరస. డచ్‌లో “దత్ ఇక్ జాన్ ద కిందరన్ జఖ్ హెల్పన్ జ్వెమన్” అంటారు. నేను, జాన్, పిల్లలు, చూశాను, సాయపడటం, ఈదడం. మనుషులు ఏ వరసలో వచ్చారో పనులూ అదే వరసలో వస్తాయి. పంక్తిలో ముగ్గురు కూర్చుంటే మొదటివాడికి మొదటి విస్తరి, రెండోవాడికి రెండోది వేసినట్టన్నమాట. ఇది మనకు తలకిందులుగా అనిపిస్తుంది గానీ, 1986లో జర్మన్, డచ్ శ్రోతల మీద చేసిన ఒక అధ్యయనంలో, మూడు క్రియలు పోగైనప్పుడు డచ్ వరసే అర్థం చేసుకోవడానికి కాస్త తేలికగా ఉందని తేలింది. ఈ ఒక్కచోట మాత్రం నేను తెలుగును పక్కన పెట్టి వాళ్ల దారినే పోవలసి వచ్చింది.

ఇంతకీ క్రియ అసలు ఇల్లు ఏది? రెండో కుర్చీయా, చివరి కుర్చీయా? యాన్ కోస్టర్ అనే భాషాశాస్త్రవేత్త 1975లో ఒక వ్యాసంలో, డచ్ మూలంలో కర్త, కర్మ, క్రియ వరసలో ఉండే భాషేనని వాదించారు. అంటే క్రియ ఇల్లు చివరే, ప్రధాన వాక్యంలో అది రెండో కుర్చీలోకి లేచి వస్తుందంతే. అందరూ ఒప్పుకోలేదు. నాకు మాత్రం రైల్వే స్టేషన్‌లో నమ్మకం కుదిరింది. రావడం, చేరడం అనే అర్థంలో ‘ఆన్‌కోమన్’ అనే క్రియ ఉంది. “ద త్రైన్ కొమ్త్ ఒమ్ నేఖన్ ఊర్ ఆన్”, రైలు తొమ్మిదింటికి వస్తుంది. క్రియలో ‘కొమ్త్’ అనే ముక్క రెండో కుర్చీకి వెళ్లిపోయింది, ‘ఆన్’ అనే ముక్క చివర ఒంటరిగా నిలబడింది. ఉపవాక్యంలో పెట్టండి: “అల్స్ ద త్రైన్ ఒమ్ నేఖన్ ఊర్ ఆన్‌కొమ్త్.” రెండు ముక్కలూ కలిసిపోయాయి. పనికి పోయినవాడు చెప్పులు ఎక్కడ విడిచి వెళ్లాడో ఆ ఇల్లే అతనిది అనుకుంటాం కదా. ఆ ‘ఆన్’ వదిలేసిన చెప్పుల్లాంటిది.

మా అమ్మాయి ఇంకా ముందే నాకు ఆ సంగతి చెప్పింది, నేనే పట్టించుకోలేదు. రెండేళ్లు నిండకముందు దాని డచ్ మాటలు “మెల్క్ ద్రింకన్” లాంటివి. పాలు తాగడం. క్రియ చివర, అది కూడా ఏ పురుషకూ మారకుండా. అక్కడి పిల్లలందరూ మొదట్లో అలాగే మాట్లాడతారట. రెండో కుర్చీ సంగతి వాళ్లకు తర్వాత వంటబడుతుంది. ఇంట్లో తెలుగు వినడం వల్ల పిల్ల డచ్ పాడవుతోందేమోనని అప్పట్లో నేను బెంగపడి, కొన్ని నెలలు దానితో తెలుగు తగ్గించేశాను. అది నేను చేసిన రెండో తప్పు. మాత్రల విషయంలో పెద్దావిడ ఆపింది, ఇక్కడ ఆపేవాళ్లు లేకపోయారు. ఆ నెలలు తిరిగి రాలేదు. ఇప్పటికీ అమ్మాయికి ‘ళ’ పలకదు.

ఆ రాత్రి నుంచి నేను డచ్‌ను ఇంగ్లీషులోకి మార్చుకోవడం మానేశాను. తెలుగులోకీ మార్చుకోలేదు. ‘దత్’, ‘ఒమ్‌దత్’, ‘అల్స్’ వినబడగానే, అత్తగారు మాట్లాడుతున్నట్టు ఊరుకుని, చివరి మాట కోసం ఆగేదాన్ని. బస్సులో రేడియో వార్తలు వింటూ, ఉపవాక్యం చివరి క్రియ పడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. పక్కవాళ్లు నాకు ఆయాసం అనుకుని ఉంటారు. పరాయివాళ్ల కోసం అక్కడ ప్రభుత్వం పెట్టే డచ్ పరీక్ష ఉంది. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం, నాలుగు భాగాలు. 2011లో మూడు పోయాయి... అంటే గట్టెక్కాయని. మన ఊరి భాషలో ‘పోయాయి’ అంటే మీరు ఇంకోటి అనుకుంటారు. మాట్లాడటం ఒక్కటి తప్పింది. మళ్లీ రాసి అదీ దాటాను.

మందుల బండి నా చేతికి తిరిగి ఇచ్చిన రోజుకి పన్నెండో గదిలో వేరే ఆవిడ ఉన్నారు. మొదటి సాయంత్రం షిఫ్టు ముగించి, రాత్రి వచ్చిన అబ్బాయికి గదులు అప్పజెప్పాను. అతనూ పరాయి దేశంవాడే, వచ్చి నాలుగు నెలలు. పన్నెండో గది దగ్గరకు వచ్చేసరికి నా నోట్లో “ఇక్ ఖలోఫ్ దత్” అన్న వాక్యమే సిద్ధంగా ఉంది. ఇప్పుడు నాకు అది తడుముకోకుండా వస్తుంది మరి. అతని మొహం చూసి మింగేశాను. “మెవ్రౌ హేఫ్త్ అల్ ఖహత్” అన్నాను, అమ్మగారు వేసుకున్నారు అని, ఉపవాక్యం లేకుండా. సంతకాల గడి కూడా అతనికి చూపించాను. అప్పుడు కోటు వేసుకున్నాను.

మాస్టారూ, ఆ గీతలు కొట్టిన కాగితం తెచ్చాను. సభ అయ్యాక చూపిస్తాను, తప్పులుంటే దిద్దండి. సెలవు.